సంతకం పెట్టని శాస్త్రవేత్తలు

హైదరాబాద్‌లో ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థ ఉంది కదా, దాని వ్యవస్థాపక డైరెక్టర్ పుష్పమిత్ర భార్గవ పక్కా నాస్తికుడు. 1964లో ఆయన, సతీశ్ ధవన్, అబ్దుర్ రహమాన్ కలిసి శాస్త్రీయ దృక్పథం కోసం ఒక సంఘం పెట్టారు. సభ్యులుగా చేరేవాళ్లు ఒక ప్రకటన మీద సంతకం చేయాలి: జ్ఞానం మనిషి కృషితోనే వస్తుంది, కష్టాలు గట్టెక్కడానికి దైవశక్తులను పిలవనక్కర్లేదు అని. చాలామంది శాస్త్రవేత్తలే వెనక్కి తగ్గారు! భార్గవకు అది మింగుడుపడలేదు. నాకైతే వింతగా అనిపించదు. దసరాకి నాచారం పారిశ్రామికవాడకు వెళ్లి చూడండి. లేత్ మిషన్‌కు పసుపు కుంకుమ, గేటు ముందు పగిలిన గుమ్మడికాయ. ఆ మిషన్ కరెంటుతో నడుస్తుందని అక్కడి కార్మికుడికి తెలియకనా?

భార్గవ ఊరుకునే మనిషి కాదు. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు వద్దంటూ కోర్టుకెక్కారు. 2004లో సుప్రీంకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది.

సంతకాల దగ్గర తెగని ఈ దేవుడి పేచీ అంతకు చాలా ముందే ఒక పెళ్లి దగ్గర తెగింది. మన తెలుగు నాస్తికుడు గోరా సేవాగ్రామ్ ఆశ్రమంలో గాంధీతో దేవుడు అక్కర్లేదనే వాదించేవారు. గోరా కూతురి కులాంతర వివాహం ఆశ్రమంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరు తీసేసి సత్యం పేరు పెట్టడానికీ సరేనన్నారు. 1948 మార్చిలో ఆ పెళ్లి జరిగేనాటికి గాంధీ లేరు. ప్రమాణం మాత్రం అలాగే చేయించారు.