మంచు మీద గాడి

ఒకప్పుడు వానలు వెలిసిన తరువాత మన పల్లెదారిలో మొదటి బండి పోగానే, దాని చక్రాలు మెత్తని నేలమీద రెండు చాళ్ళు తీసేవి. రెండవ బండి ఆ చాళ్ళలోనే పోయేది, మూడవదీ అంతే. నాలుగు రోజులు ఎండ కాసేసరికి అవి గట్టిపడి గాడి ఏర్పడేది. ఇక ఎద్దులను అదిలించనక్కర లేదు. బండివాడు కునుకు తీసినా బండి ఇల్లు చేరేది. ట్రాక్టర్లు వచ్చిన తరువాత ఆ దృశ్యం అరుదైనది. కాని చెదరిన పని చక్కబడినప్పుడు "గాడిలో పడింది" అనే మాట మాత్రం మనకు మిగిలి ఉన్నది.

ఈనాడు నేను మనవి చేయబోయేది అటువంటి గాడిని గురించే. అయితే అది మట్టిలోది కాదు, మంచులోది.

చెక్ దేశపు ఉత్తరపు అంచున, పోలండు సరిహద్దును ఆనుకొని, యిజెరా పర్వతాలు ఉన్నవి. లిబెరెత్స్, యాబ్లొనెత్స్ అనే పట్టణాలు వాటి పాదాల వద్ద ఉన్నవి. అవి మహోన్నతమైన పర్వతాలేమీ కావు. చెక్ భాగంలో అన్నిటికంటె ఎత్తైన స్మర్క్ శిఖరం 1,124 మీటర్లు. మన హార్స్‌లీ కొండకంటె తక్కువే. కాని అది ఉత్తరదేశం కావటంవల్ల శీతకాలంలో ఆ కొండలమీది పీఠభూమి, అడవులు, లోయలు తెల్లబడిపోతాయి. ఆ అడవిదారుల వెంట 150 కిలోమీటర్లకు పైబడి స్కీ బాటలు పరచుకొని ఉన్నవి.

మన తెలుగువారికి మంచు అంటే తెల్లవారుజామున గడ్డిపరకమీద నిలిచే బిందువు. కాకపోతే పుష్యమాసపు ఉదయాన ఊరిని కప్పివేసే పొగమంచు. అక్కడి మంచు ఆకాశంనుంచి దూదిపింజలవలె రాలి, మోకాటిలోతున, ఒక్కొక్కచోట నడుములోతున పేరుకొంటుంది. కొత్తగా కురిసిన ఆ మంచులో పదింట తొమ్మిది పాళ్ళు గాలియే. అందులో కాలు పెట్టినవాడు దిగబడిపోతాడు. అందుచేతనే ఉత్తరదేశాలవారు వేల ఏండ్లనాడే కాళ్ళకు పొడవైన సన్నని చెక్కలు తగిలించుకొన్నారు. వాటినే స్కీలు అంటారు. శరీరభారం చెక్క పొడవునా పరచుకొంటుంది గనుక మనిషి అంతగా దిగబడడు.

స్కీ అనగానే నిటారైన కొండవాలున బాణంవలె దూసుకువచ్చే ఆటగాడు మనకు స్ఫురిస్తాడు. నేను చెప్పేది ఆ విద్య కాదు. ఇది అడవులు, బయళ్ళు, ఎత్తుపల్లాలు దాటుతూ స్వశక్తితో సాగించే ప్రయాణం. బూటు ముందుభాగం మాత్రమే చెక్కకు తగిలి ఉంటుంది. మడమ స్వేచ్ఛగా పైకి లేస్తుంది. ఒక కాలితో మంచును వెనుకకు తన్ని, రెండవ కాలిమీద జారుతూ, చేతికర్రలతో ఊతం తీసుకొంటూ ముందుకు పోవాలి. పిల్లలనుంచి వృద్ధులవరకు అందరూ చేయదగిన వ్యాయామం ఇది. అయితే కాలికింది చెక్క ప్రక్కకు జారిపోతూ ఉంటే మనిషి బలంలో సగం దానిని నిలుపుకోవటానికే వ్యయమవుతుంది. చెక్క తిన్నగా నడవాలంటే దానికొక గాడి కావాలి.

ఆ గాడి వేసే పని ఎక్కువగా రాత్రివేళ జరుగుతుంది. జనం ఇండ్లకు చేరిన తరువాత ఒక పెద్ద యంత్రం దీపాలు వెలిగించుకొని అడవిలోకి బయలుదేరుతుంది. దాని బరువు కొన్ని టన్నులు. అయినా వెడల్పైన పట్టాలమీద నడుస్తుంది కాబట్టి, చదరపు అంగుళానికి అది మోపే ఒత్తిడి మనిషి పాదం మోపేదానికంటె తక్కువ. ముందున్న పలక గుట్టలను చదును చేస్తుంది. వెనుక గిరగిర తిరిగే పళ్ళదండం గడ్డకట్టిన పెళ్ళలను నూరి సన్నని రవ్వగా మారుస్తుంది. దానివెనుక ఒక అచ్చు ఒత్తుకొంటూ వచ్చి జంట చాళ్ళు వేస్తుంది. వాటి లోతు 2 నుంచి 5 సెంటీమీటర్లు. ప్రక్కనే చదునైన వెడల్పు బాటనుకూడా విడిచిపెడతారు. 1980 ప్రాంతాలనుంచి వ్యాప్తిలోకి వచ్చిన మరొక పద్ధతిలో, కాళ్ళను ఏటవాలుగా ఇరుప్రక్కలకూ తోస్తూ పోయేవారికి అది అవసరం.

ఇంతటితో పని ముగియలేదు. తక్కిన సగం పని చలిది. నలిగి దగ్గరైన మంచురవ్వలు ఒకదానినొకటి తాకినచోట మెల్లమెల్లగా అతుక్కొంటాయి. ఇందుకు మంచు కరగి మళ్ళీ గడ్డకట్టవలసిన పని లేదు. కదలకుండా కొన్ని గంటలు పడి ఉంటే చాలు. కొత్తగా వేసిన గచ్చును మనం తొక్కకుండా ఆరనిచ్చినట్లే ఈ బాటనూ గట్టిపడనివ్వాలి. యంత్రం పోయిన వెంటనే జనం దిగితే చాళ్ళు చెదరిపోతాయి. చక్కగా ఊరుకొన్న బాట మరునాడు వేలాదిమందిని మోస్తుంది.

దీనికి పరమశత్రువు తుపాను కాదు. ఒక్క మనిషి అడుగు. స్కీలు లేకుండా చాళ్ళమీద నడిచినవాడి బూటు గుంట చేస్తుంది. ఆ గుంట రాత్రి చలికి రాయివలె బిగిసిపోతుంది. మరునాడు వేగంగా వచ్చే ముసలాయన చెక్క అందులో తగులుకొంటే ఆయన పడిపోతాడు. అందుకని అక్కడ కొన్ని మర్యాదలు ఏర్పడినవి. కాలినడకవారు చాళ్ళు తొక్కరాదు. పడినవారు వెంటనే దారినుంచి తొలగాలి. ఎదురైనప్పుడు, దిగివచ్చేవారికి ఎక్కేవారు దారి ఇవ్వాలి. చెక్ భాషలో ఈ బాటకు స్తోపా అని పేరు. అడుగుజాడ అని ఆ మాటకు అర్థం. ఆ అడుగుజాడమీద అడుగు పెట్టకూడదన్నది అక్కడి మొదటి నియమం!

ఈ కొండలలో ప్రతి ఏటా 50 కిలోమీటర్ల స్కీ పందెం ఒకటి జరుగుతుంది. యాభై అనే అర్థంలో దానిని పదెసాత్కా అంటారు. 1968లో లిబెరెత్స్ ప్రాంతపు పర్వతారోహకులు తమలో తాము పెట్టుకొన్న పోటీగా అది మొదలయినది. రెండేండ్లు గడిచినవి. 1970లో చెకొస్లొవాకియా ఆరోహకుల బృందమొకటి దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి, హువాస్కరాన్ శిఖరం ఎక్కటానికి వెళ్ళింది. ఈ పందెంలో పాల్గొన్నవారు ఆ బృందంలో ఉన్నారు. మొదట ఒకరు ఆరోహణంలో మరణించారు. తరువాత మే 31న పెరూ తీరంలో మహాభూకంపం వచ్చింది. శిఖరంనుంచి మంచూ బండలూ విరిగి లోయలోకి పడినవి. యుంగాయ్ అనే పట్టణం ఆ ప్రవాహం క్రింద పూడిపోయింది. కొండకు మరొక ప్రక్కన విడిదిచేసి ఉన్న 14 మంది ఆరోహకులూ అట్లాగే సమాధి అయిపోయారు. బృందంలో ఎవ్వరూ తిరిగి రాలేదు.

ఆ తరువాత ఆ పందెం వారి స్మృతిచిహ్నంగా సాగుతూ వచ్చింది. మంచులో గతించినవారి జ్ఞాపకాన్ని వారి ఊరివారు మంచులోనే నిలిపారు. బెద్ర్జిఖోవ్ గ్రామంలో పందెం ప్రారంభమయ్యే ఉదయాన వేలాదిమంది చాళ్ళలో బారులు తీరి నిలబడతారు.

ఆ కొండలు కష్టాలు ఎరుగనివి కావు. 1970, 1980 దశాబ్దాలలో చుట్టుప్రక్కల విద్యుత్కేంద్రాలలో మండించిన నేలబొగ్గు పొగకు, పురుగు తోడై, పీఠభూమిమీది స్ప్రూస్ వృక్షాలు విస్తారంగా ఎండిపోయినవి. ఆ పొగను అదుపుచేసి, మొక్కలు నాటి, అడవిని తిరిగి పెంచుకొన్నారు. ఇప్పుడు వచ్చిన కష్టం వేరు. శీతకాలాలు వెచ్చబడుతున్నవి. వెయ్యి మీటర్ల ఎత్తు కొండలలో ఒక డిగ్రీ వేడి పెరిగితే కురవవలసిన మంచు వానగా కురుస్తుంది. మంచు చాలక పందెం మానుకొన్న ఏండ్లున్నవి. దూరం తగ్గించుకొన్న ఏండ్లున్నవి. అడవి ఎండితే మొక్క నాటవచ్చు. కురవని మంచును ఏ యంత్రమూ అడవి అంతటా నాటలేదు.

అయినా మంచు ఉన్నంతవరకు యంత్రం బయలుదేరుతూనే ఉన్నది. మన ఇండ్లలో తెల్లవారుజామున వాకిట ముగ్గు వేస్తారు. సాయంత్రానికి అది చెరిగిపోతుందని వేసినవారికి తెలుసు. చెరిగిపోతుంది గనుక వేయటం మానుదామని ఎవరూ అనుకోరు. ఆ అడవిలోని బాటసంగతీ అంతే. రేడియోలో పనిచేసే మాకిది కొత్త సంగతి కాదు. ఉదయం మీరు మీట త్రిప్పగానే మాట వినపడాలంటే, రాత్రి ఎవరో ఒకరు యంత్రం ముందు మేలుకొని ఉండాలి. ఆ మనిషి పేరు మీకు చెప్పరు.

రేపు ఉదయం ఆ కొండలలో మొదట బాటమీదికి వచ్చే పిల్లవాడు చెక్కలు చాళ్ళలో పెట్టి, ఒక్క తోపు తోస్తాడు. గాడి వేసినవాడు అప్పటికి ఇల్లు చేరి నిద్రపోతూ ఉంటాడు.