గోడ మీది నీటి లెక్క

(స్మారకోపన్యాసం)



మాస్టారి పేర ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నిర్వాహకులు ఈసారి నాకిచ్చిన అంశం ‘పర్యావరణ పరిరక్షణలో ప్రజల పాత్ర’. ఈ మాట వినగానే ర్యాలీ, ప్లకార్డులు, సామూహిక ప్రతిజ్ఞ, మొక్క నాటుతున్న ఫోటో కళ్ళముందు మెదులుతాయి. ఆ మొక్క చుట్టూ ఫోటోలో డజను చేతులుంటాయి. రెండో వేసవిలో దానికి నీళ్ళు పోసే చెయ్యి ఎవరిదో వెతుక్కోవాలి. అంత పెద్ద అంశాన్ని పక్కనపెట్టి, అందులో నాకు కాస్త తెలిసిన ఒక్క ముక్క మాట్లాడతాను: బోరు నీళ్ళు. మాస్టారు లెక్కలు చెప్పినవారు కనుక కాస్త లెక్క కూడా తప్పదు.

రాయలసీమ, ప్రకాశం, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో చాలావరకు రాతి నేల. పైన మట్టి, దాని కింద చివికి మెత్తబడిన రాయి, ఆ కింద గట్టి రాయి. నీరు నిలిచేది ఆ చివికిన పొరలో, కింది రాతి పగుళ్ళలో మాత్రమే. వానలకు నిండుతుంది, ఎండాకాలానికి ఖాళీ అవుతుంది. మీ బోరూ మీ పక్కాయన బోరూ ఒకే పగులు మీద ఉండొచ్చు. మీరు మూడు వందల అడుగులు వేయిస్తే ఆయన ఐదు వందలు వేయిస్తాడు. చాలా చోట్ల లోతుతోపాటు పెరిగేది అప్పే గాని నీరు కాదు. రిగ్గు బండివాడికి మాత్రం నీరు పడినా పడకపోయినా అడుగుల లెక్కన డబ్బు కట్టాల్సిందే.

దీనికి ప్రభుత్వం చేసిందేమిటి? 2002లో వాల్టా చట్టం వచ్చింది. కొత్త బోరుకు అనుమతి కావాలంది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. రైతు గోస చూసినవాళ్ళెవరూ దాన్ని తప్పుపట్టలేరు, నేనూ పట్టను. కానీ కరెంటు ఏ రాత్రి వేళ వస్తుందో తెలియని రైతు మోటారుకు ఆటోస్టార్టరు బిగించుకుని పడుకున్నాడు. కరెంటు వస్తే మోటారు తనంతట తనే ఆడుతుంది, మడి నిండి పొర్లినా ఆగదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చినప్పుడు, ఆటోస్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతులను బతిమాలుకోవాల్సి వచ్చింది.

ఇలాంటప్పుడు మన చదువుకున్నవాళ్ళు చెప్పే మందు ఒకటే, ‘అవగాహన కల్పించాలి’ అని. నీళ్ళు అడుగంటుతున్నాయని తెలియని రైతును నేనింతవరకు చూడలేదు. రెండంగుళాలు పోసిన బోరు అంగుళానికి, ఆపైన అరంగుళానికి పడిపోవడం చూసినవాడికి మనం చెప్పే అవగాహన ఏముంటుంది? అతనికి తెలియనిది వేరే ఉంది. ఈ ఏడు కురిసిన వానకు కింద చేరిందెంత, ఊరంతా కలిసి తోడబోయేదెంత అన్నది.

ఆ లెక్కను రైతుల చేతిలోనే పెట్టిన ప్రయత్నం ఒకటి మన దగ్గర జరిగింది. నెదర్లాండ్స్ సాయంతో చిన్న రైతులకు బోర్లు వేయించిన ఏపీవెల్ ప్రాజెక్టు 2003లో ముగిసింది. బోరు వేయించడం సులువు, నిలబెట్టుకోవడం కష్టమన్న అనుభవంలోంచి, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఇంకో ప్రాజెక్టు పుట్టింది. భూగర్భ జలాల యాజమాన్యం రైతులదే అన్నది దాని సారం. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్, ఈ ఏడు జిల్లాల్లో ఆరు వందల పైచిలుకు ఊళ్ళలో అది నడిచింది.

పని ఎలా సాగేదో చెబుతాను. చుట్టగా చుట్టిన పొడవాటి టేపు, దాని కొసన లోహపు ముక్క. గమనిక కోసం ఎంచిన బోర్లలోకి దాన్ని వదులుతూ పోతే నీటిని తాకగానే చేతిలోని పెట్టె కుయ్యిమంటుంది. అప్పుడు టేపు మీది అంకె చూసి పుస్తకంలో రాసుకోవాలి. పదిహేను రోజులకోసారి ఊరివాళ్ళే, చాలా చోట్ల ఆడవాళ్ళే, ఈ పని చేసేవారు. వాన కొలిచే గొట్టమూ వాళ్ళ చేతుల్లోనే. ఆ అంకెలన్నీ ఊరి నడుమ గోడ మీదికెక్కేవి. సీమలో ఒక ఊళ్ళో ఒకామె పెయింటు డబ్బా పట్టుకుని అంకె దిద్దుతుంటే, అరుగు మీది పెద్దాయన అడిగాడు: “దిగిందామ్మా?” ఆమె వెనక్కి తిరగకుండానే అంది: “దిగక ఏం చేస్తాది మామా? రాత్రంతా నీ మోటరే ఆడుతుండె గదా!” అరుగు మీద అందరూ నవ్వారు, ఆయన కూడా. ఏ పోస్టరూ ఆయన చేత ఆ నవ్వు నవ్వించలేదు.

అసలు ఘట్టం వానాకాలం వెళ్ళాక, రబీ విత్తనానికి ముందు వస్తుంది. ఊరు కూర్చుంటుంది. ఎవరెవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేద్దామనుకుంటున్నారో చెబుతారు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిపితే నాలుగు వేల లీటర్లు దాటుతుంది. వరికి సుమారు 1200 మిల్లీమీటర్లు కావాలి, అంటే ఎకరాకు దాదాపు 48 లక్షల లీటర్లు. వేరుశనగకు అందులో సగం చాలు. అందరి కోరికలూ కూడి, కింద ఉన్న నీటి అంచనా పక్కన వేస్తే లోటెంతో బయటపడుతుంది. ఆ తర్వాత సమావేశం ముగుస్తుంది. వరి వేయొద్దని ఎవరూ ఎవరికీ చెప్పరు. తీర్మానం లేదు, జరిమానా లేదు, నీరు పొదుపు చేసినవాడికి నగదు బహుమతి లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. రైతు ఇంటికెళ్ళి పడుకుని ఆలోచిస్తాడు. ఊళ్ళో ఇంతమంది వరి వేస్తే ఫిబ్రవరికల్లా బోరు ఆగుతుంది, నాది పొట్ట దశలో ఎండుతుంది, పెట్టుబడి పోతుంది. పొద్దున లేచి రెండెకరాల వరిని ఎకరానికి తగ్గించి, మిగతాది ఆరుతడి పంటకు తిప్పుతాడు. ‘డీప్ వెల్స్ అండ్ ప్రూడెన్స్’ పేరుతో 2010లో వచ్చిన ప్రపంచబ్యాంకు నివేదిక ఈ ఊళ్ళను పరిశీలించి చెప్పింది కూడా దాదాపు ఇదే. నీటి వాడకం తగ్గింది త్యాగబుద్ధితో కాదు, వేలమంది రైతులు ఎవరి నష్టాన్ని వారు తప్పించుకోవాలని చూసినందువల్ల. పర్యావరణ ఉద్యమాల్లో పనిచేసే మిత్రులకు ఈ మాట రుచించదు. నాకు మాత్రం ధైర్యమిచ్చింది. అందరూ మహాత్ములయ్యేదాకా ఆగక్కర్లేదన్నమాట.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇది పనిచేసింది మన రాతి నేల గుణం వల్ల కూడా. ఇక్కడ తప్పు చేస్తే అదే పంటకాలంలో బోరు చెబుతుంది. పంజాబులాంటి లోతైన ఒండ్రు నేలల్లో ఏళ్ళ తరబడి తోడినా మోటారు పోస్తూనే ఉంటుంది. అక్కడ ఇదే పద్ధతి ఇంత త్వరగా పట్టుబడుతుందని నేననుకోను.

అంకె ఒక్కటే చాలనీ అనను. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల సంగతి చూడండి. పత్తికి పురుగుమందు కొట్టి కొట్టి అప్పులపాలైన ఊరు. మందు అమ్మే దుకాణదారే అప్పిచ్చేవాడైతే, మందు మానేయమని చెప్పినంత మాత్రాన రైతు మానగలడా? అక్కడ స్వచ్ఛంద సంస్థలు వేప కషాయాలూ లింగాకర్షక బుట్టలూ నేర్పాయి, మహిళా సంఘాలు వెనక నిలబడ్డాయి. 2004 నాటికి పురుగుమందులు లేని ఊరిగా పంచాయతీయే చాటుకుంది. ముందు అప్పు ముడి వదులయింది, ఆ తర్వాతే అలవాటు మారింది.

నీటి దగ్గర అలాంటి ముడి ఇంకా వదల్లేదు. భూగర్భ జలాల ప్రాజెక్టు అయిపోయాక చాలా ఊళ్ళలో సమావేశాలు ఆగిపోయాయి, గోడల మీది అంకెలు వెలిసిపోయాయి. టేపు పాడైతే బాగుచేయించేదెవరు మరి? 2019 డిసెంబరులో కేంద్రం తెచ్చిన అటల్ భూజల్ యోజనలో ఊరూరా నీటి బడ్జెట్ వేయడమే ముఖ్యమైన పని. దాన్ని మొదలుపెట్టిన ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు!

అయితే రేపు మళ్ళీ టేపులు కొనిచ్చినా రైతు ముందు ఇంకో గోడ ఉంది. వడ్లు కొనే కేంద్రం ఊరి పక్కనే తెరుస్తారు. కొర్రలో ఉలవలో పండించినవాడు వాటిని నెత్తినెత్తుకుని దళారి గుమ్మం ఎక్కాలి. లోటు లెక్క కళ్ళారా చూసి కూడా వరే వేసే రైతు మూర్ఖుడు కాడు, అతను రెండు లెక్కలూ వేసుకున్నాడు.

ఈ సభలో వ్యవసాయ శాఖవారున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు. మిమ్మల్ని కోరేది ఇంతే. అక్టోబరులో, విత్తనం భూమిలో పడకముందే, ఈ మండలంలో ఏ ఆరుతడి పంటను ఏ ధరకు ఎవరు కొంటారో, దానికి ఎకరాకు ఎంత అప్పిస్తారో తేల్చి చెప్పండి. దాన్ని నీటి మట్టం పక్కనే, అదే గోడ మీద రాయించండి. గోడకు సున్నం వేయించే ఖర్చు మేం చూసుకుంటాం.