డయాలసిస్ ఉచితమే, మరి దారి ఖర్చు ఎవరిది?



పోడు పట్టాల గురించి మాట్లాడతాననుకుని వచ్చి ఉంటారు. ఈరోజు కిడ్నీల గురించి మాట్లాడతా. ఇదీ మన హక్కుల విషయమే, ఎలాగో వినండి.

రెండు కిడ్నీలూ పూర్తిగా చెడిపోతే మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. వారానికి మూడుసార్లు కావాలంటారు డాక్టర్లు, మన దేశంలో చాలామందికి రెండుసార్లే అందుతోంది. కిడ్నీ మార్పిడి జరిగితే తప్ప, బతికినంతకాలం ఇంతే.

2016 కేంద్ర బడ్జెట్‌లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించారు. ఏటా 2.2 లక్షల మంది కొత్త రోగులు చేరుతున్నారని, ఒక్క డయాలసిస్‌కు దాదాపు 2,000 రూపాయలు, ఏడాదికి 3 లక్షలకు పైగా అవుతోందని ఆనాటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ చెప్పారు. జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచితం చేశారు. చాలాచోట్ల మిషన్లు నడిపేది ప్రైవేటు కంపెనీలు, డబ్బు కట్టేది ప్రభుత్వం. మన తెలుగు నేల మీద ఆరోగ్యశ్రీ అంతకుముందే ఉంది. దీనివల్ల మేలు జరిగింది, కాదనను.

కానీ ప్రభుత్వం చెప్పే లెక్క ఏంటి? ఎన్ని కేంద్రాలు, ఎన్ని మిషన్లు, ఎన్నిసార్లు డయాలసిస్. మనం అడగాల్సిన లెక్క వేరు. మొదలుపెట్టినవాళ్లలో ఏడాది తర్వాత ఎంతమంది బతికున్నారు? మధ్యలో రావడం మానేసినవాళ్లు ఏమయ్యారు? మానేసిన మనిషి ఎక్కువ రోజులు బతకడు. అయినా రికార్డులో 'రాలేదు' అనే ఉంటుంది, 'చనిపోయాడు' అని ఉండదు.

ఎందుకు మానేస్తారు? మీరే లెక్క వేయండి. గూడెం నుంచి పట్నానికి రానూపోనూ మనిషికి 200 అనుకుందాం. తోడు మనిషి తప్పదు కాబట్టి 400. నెలకు 12 సార్లంటే 4,800. ఇద్దరికీ 12 రోజుల కూలి పోతుంది. తెలంగాణలో డయాలసిస్ రోగులకు 2022లో ఇచ్చిన పింఛను 2,016. ఆంధ్రలో ఇచ్చే 10,000 నయమే, కానీ అందులో సగం బస్సుకే పోతుంది. ఇక వానాకాలం వాగు పొంగితే, డోలీ మోసుకొస్తే తప్ప రోడ్డెక్కలేని ఊరైతే, ఏ పింఛనూ మిషన్ దగ్గరికి చేర్చదు.

రోగం ఎక్కడినుంచి వస్తోందో కూడా చూడాలి. షుగర్, బీపీ పెద్ద కారణాలు. అవి లేనివాళ్లకూ వస్తోంది. శ్రీకాకుళం ఉద్దానంలో ఏళ్ల తరబడి పరిశోధించినా అసలు కారణం ఇంకా తేలలేదు. ఎ.కొండూరు మండలం లంబాడీ తండాల్లో నీళ్ల మీదే అనుమానం. మన బిడ్డల్లో ఉన్న సికిల్ సెల్ కూడా కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఒళ్లునొప్పులకు రోజూ మింగే నొప్పి బిళ్లలూ అంతే. కిడ్నీ జబ్బు ముదిరేదాకా బయటపడదు. ఆయాసంతో, వాపులతో ఆసుపత్రికి చేరేసరికి హడావిడిగా మెడలో గొట్టం పెట్టి మొదలుపెడతారు. ఆ గొట్టంతో రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ ఎక్కే ప్రమాదం ఎక్కువ. ముందే తెలిస్తే చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేయించుకుని సిద్ధంగా ఉండొచ్చు.

అందుకే గ్రామసభల్లో, ఐటీడీఏ ముందు ఈ నాలుగూ అడుగుదాం.

ఒకటి, ప్రతి పీహెచ్‌సీలో బీపీ, షుగర్‌తో పాటు మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష. సికిల్ సెల్ ఉన్నవాళ్లకు తప్పనిసరిగా.

రెండు, రోగికీ, తోడు మనిషికీ దారి ఖర్చు, లేదా వాహనం. వానాకాలంలో కేంద్రం దగ్గరే వసతి.

మూడు, ఇంట్లోనే చేసుకునే పొట్ట డయాలసిస్. పొట్టలోకి ద్రవం ఎక్కించి తీస్తారు, పెద్ద మిషన్ లేకుండానే చేసుకోవచ్చు. జాతీయ కార్యక్రమంలో 2019లోనే దీనికి మార్గదర్శకాలు వచ్చాయి. శుభ్రమైన గది, శిక్షణ, నెలనెలా ద్రవం సంచులు ఊరికి చేరాలి. అది ప్రభుత్వ బాధ్యత.

నాలుగు, ప్రతి కేంద్రంలో ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది మానేశారు, ఎంతమంది చనిపోయారో ఏటా బయట పెట్టాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చదువుకున్నది మీరు. మీ ఊళ్లో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఎవరు, ఈ నెలలో ఎన్నిసార్లు తప్పింది, ఎందుకు తప్పిందో వాళ్లనడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే రాసుకోండి. మన లెక్క మన చేతిలో ఉంటేనే అధికారి ముందు మన మాట నిలుస్తుంది.

జోహార్. జై ఆదివాసీ.