ఇంటి లోపలి తలుపులు



విద్యావిషయమున ప్రసంగింపవలసిన వృద్ధోపాధ్యాయుడు తలుపులను గూర్చి పలుకుట కొందఱికి వింతగా నుండవచ్చును. కాని మనలో పెక్కుమంది గృహనిర్మాణమున వీధితలుపునకే ధనమంతయు వెచ్చించి, లోపలి గదుల తలుపులకడ చేతులెత్తివేయుచున్నారు. నేనును అట్లే చేసితిని.

ముప్పది యేండ్లు పిల్లలచేత అమరకోశమును వల్లె వేయించితిని. కవాటము, అరరము, అర్గళము అను పదములు నా నాలుక చివర నుండెడివి. పచ్చికఱ్ఱ యేదో, ఎండుకఱ్ఱ యేదో మాత్రము తెలియకుండెను. చౌకయని ఒక అడితిలో కొన్న తలుపు వేసవిలో చక్కగానే పడెను. శ్రావణమాసపు ముసురులో నది యుబ్బి ద్వారబంధమున బిగిసికొనెను. పురుటికి వచ్చిన నా కుమార్తె పసికందుతో లోపల చిక్కుకొనెను. గడ్డపాఱతో పగులగొట్టుదాక ఇంటిల్లిపాదికి ప్రాణములు ప్రాణములలో లేవు.

కఱ్ఱ పొడవున మాఱునది అత్యల్పము. వెడల్పున ఉబ్బుటయు ముడుగుటయు అధికము. ఈ మాట నాకు మా యూరి వృద్ధవడ్రంగి చెప్పెను. కొనబోవు కలపలో నొక ముక్కను తూచి, వారము దినములు నీడనుంచి మరల తూచుడు. బరువు తగ్గినచో నది యింకను పచ్చిదే.

తక్కువ వ్యయమునకు ఆయన చూపిన మార్గము పాతకలప. పెంకుటిండ్లు కూల్చుచోట టేకు, వేప పలకలు దొరకును. ఏండ్లతరబడి ఆరిన వగుటచే అంతగా వంకర తిరుగవు. ములుకుతో పొడిచి చూడవలయును. పొడి రాలినచో పుచ్చినదని విడువుడు. మేకులన్నియు తీయించుడు, లేనిచో వడ్రంగి చిత్రిక పాడగును. పాతరంగును పొడిగా గీకరాదు. ఇండ్లరంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్లు మించరాదను నిబంధన మనదేశమున 2017 నవంబరునుండియే అమలైనది. అంతకు పూర్వపు రంగులో నెంత యున్నదో కంటికి కానరాదు. పిల్లలను దూరముగా నుంచి, తడిపి గీకి, ఆ పెళ్లలను మూటగట్టి తీసివేయవలయును.

ఇక కూర్పు. అంగుళము మందపు పలకలను నిలువుగా నిలిపి, అంచులను సగము సగము చెక్కి ఒకదానిపై నొకటి పొదిగి, ఉబ్బుటకు కొలదిగా సందు విడువవలయును. వెనుక మూడు అడ్డబద్దలు, వాని నడుమ ఏటవాలు బద్దలు. ఈ ఏటవాలు బద్దలు బందులవైపున క్రింద మొదలై గొళ్ళెమువైపు పైకి పోవలయును. తలక్రిందుగా కొట్టినచో తలుపు కొన జాఱి గడపను రాచుకొనును. మొదట మాదియు రాచుకొనెను, వడ్రంగి లేనపుడు తెలిసినవానివలె నేనే కొట్టించితిని! చిత్రికపట్టని జాడలు, పాతమేకుల రంధ్రములు అట్లేయుండనిచ్చి అవిసెనూనె పూసితిమి. మొరటుగా నున్నదని మా వియ్యంకుడు నవ్వెను.

బిగిసిన తలుపు స్థానమున నేడున్నది ఈ మొరటు తలుపే. ఆనాటి పసికందు ఇపుడు వానకాలమునను దానిని ఒంటిచేత తెఱచుచున్నది.