తడి చెవికి మూత పెట్టొద్దు

ఎండలు ముదిరితే చాలు, నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "సార్, పొద్దున నడిచేటప్పుడు జారిపోకుండా, నొప్పి పెట్టకుండా ఉండే ఇయర్‌ఫోన్లు ఏవి కొనాల?" కంపెనీ పేరు చెప్పమంటారు. నేను చెప్పను. చెవి తడిగా ఉన్నప్పుడు ఏ కంపెనీదీ పెట్టొద్దని మాత్రం చెప్తాను. ఈ మాట ఇంకా నాలుగుసార్లు వినాల్సి వస్తుంది, విసుక్కోవద్దు.

మొన్నామధ్య పులివెందుల పక్క పల్లె నుంచి ఒక పిల్లోడు ప్రొద్దుటూరులో నా దగ్గరికి వచ్చినాడు. కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారవుతున్నాడు. 1600 మీటర్ల పరుగు ఉంటుంది కదా, దానికోసం తెల్లారకముందే గ్రౌండుకు పోయి, చెవుల్లో బడ్స్ బిగించుకొని పరుగెత్తడం. ఇంటికొచ్చి తలస్నానం. తల ఆరకముందే మళ్లీ బడ్స్, కోచింగ్ వీడియోలు. కొన్నాళ్లకు చెవిలో ఒకటే గులగుల. తల్లి కొబ్బరినూనె కాచి పోసింది. తగ్గలేదు. మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చుకున్నాడు. అదీ పనిచేయలేదు. ఆఖరికి బండి తాళంచెవితో గోకుడు. నా దగ్గరికి వచ్చేసరికి దవడ ఆడిస్తే నొప్పి, ఆ పక్క సరిగా వినపడదు.

లోపల చూస్తే, తడిసిన పేపరును ఉండచుట్టి కుక్కినట్టు బూజు, దాని మీద నల్లచుక్కలు. ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్. "నూనె పోసినా కదా సార్, ఎట్లొచ్చింది?" అని ఆ తల్లి అడిగింది. "చెవి లోపల వెచ్చగా ఉంటాదమ్మా. చెమట, నీళ్లు చేరినాక గాలి ఆడకుండా మూసేస్తే బూజుకు అంతకన్నా ఏం కావాల? నూనెతో అది చావదు, లోపలి తడీ ఆరదు" అన్నాను. షాపులో ఇచ్చింది యాంటీబయాటిక్. అది బ్యాక్టీరియాను చంపుతుంది, ఫంగస్ జోలికి పోదు. పోటీ తగ్గేసరికి ఫంగస్ ఇంకా పెరుగుతుంది. సక్షన్ పెట్టి శుభ్రం చేసి, ఫంగస్‌కు చుక్కలు రాసిచ్చి, నయమయ్యేదాకా చెవిలో ఏదీ పెట్టొద్దన్నాను. పిల్లోడి బాధ ఇంకొకటి. "ఇది వాటర్‌ప్రూఫ్ సార్, రెండు వేలు పెట్టి కొన్నా!"

డబ్బా మీద ఐపీఎక్స్ 4 అని ఉంటుంది. చెమట, నీటి తుంపర్లు పడినా వస్తువు చెడిపోదని దానర్థం. ఆ హామీ వస్తువుకే. మీ చెవికి ఎవరూ హామీ ఇయ్యలేదు. అందుకే మళ్లీ చెప్తున్నా, తడి చెవిలో పెట్టొద్దు.

వ్యాయామానికైతే రంధ్రాన్ని మూయని రకం తీసుకోండి. చెవి మీద కొక్కెంతో నిలిచేవి ఉన్నాయి, చెవి ముందు ఎముక మీద ఆనే బోన్ కండక్షన్ రకం ఉంది. పాటలో దిమ్ము కొంచెం తగ్గుతుంది, నిజమే. కానీ చెవికి గాలి ఆడుతుంది, జమ్మలమడుగు రోడ్డున నడుస్తుంటే వెనకొచ్చే లారీ వినపడుతుంది. ఎర్రగుంట్ల–నంద్యాల రైలు పట్టాల పక్కన నడిచేవాళ్లు మాత్రం ఏ రకమూ పెట్టుకోవద్దు.

లోపలికి పోయేవే కావాలంటే, డబ్బాలో వచ్చే రబ్బరు మూతల్ని పారేయకండి. చాలావాటికి మూడు సైజులు ఇస్తారు. కుడిచెవికి ఒక సైజు, ఎడమచెవికి ఇంకొకటి సరిపోవచ్చు. పెట్టుకొని, నమిలినట్టు దవడ ఆడించి చూడండి. ఒత్తుతుంటే చిన్నది మార్చండి. పరుగైనాక మూతలు ఊడదీసి తుడిచి ఆరబెట్టండి. స్నానమైనాక తల రెండు పక్కలకూ వంచి, బయట టవలుతో ఒత్తుకొని, చెవి బాగా ఆరినాకే పెట్టుకోండి. తడి తీయాలని దూదిపుల్లలు మాత్రం దూర్చొద్దు. గుబిలి చెవికి కాపలా, దాన్ని తవ్వి తీసేస్తే చర్మం ఒట్టిదైపోతుంది.

సౌండు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు, 90కి పోతే 4 గంటలే. ఫోనులో సగానికి కాస్త పైన ఆపేయండి. ఒకరి ఇయర్‌ఫోన్లు ఇంకొకరు పెట్టుకోవద్దు.

షుగరున్న పెద్దవాళ్లకు రాత్రిళ్లు నిద్ర పట్టనంత చెవినొప్పి వస్తే ఇంట్లో వైద్యం చేయొద్దు, వాళ్లలో ఇన్ఫెక్షన్ ఎముక దాకా పోగలదు. చెవి కారేవాళ్లు ముందు కర్ణభేరికి చిల్లు ఉందేమో చూపించుకోండి, ఇయర్‌ఫోన్ల బేరం తర్వాత.