మద్దతు ధర చట్టం చేసే అధికారం పార్లమెంటుకు ఉంది

(సంఘం మండల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పత్తికి ధర లేదని ఎమ్మెల్యే దగ్గరికి వెళ్తే "అది కేంద్రం చేతుల్లో ఉంది" అంటారు. ఎంపీని అడిగితే "వ్యవసాయం రాష్ట్రాల విషయం కదా" అంటారు. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి మన చెప్పులు అరుగుతున్నాయి. ఎవరికి ఏ అధికారం ఉందో మనకు తెలియనంత కాలం ఈ తిప్పట తప్పదు. అందుకే ఈ రోజు పార్లమెంటు అధికారాల గురించి మాట్లాడుకుందాం.

చట్టాలు చేసే అధికారాన్ని రాజ్యాంగంలోని 246వ అధికరణ కేంద్రానికి, రాష్ట్రాలకు పంచింది. ఏడో షెడ్యూలులో మూడు జాబితాలున్నాయి. కేంద్ర జాబితాలోని అంశాలపై పార్లమెంటు, రాష్ట్ర జాబితాలోని వాటిపై మామూలుగా శాసనసభ చట్టాలు చేస్తాయి. ఉమ్మడి జాబితాపై ఇద్దరూ చేయవచ్చు. ఆ రెండు చట్టాలూ ఢీకొంటే సాధారణంగా పార్లమెంటు చట్టమే నిలుస్తుంది. రాష్ట్ర జాబితాలో 14వ అంశం వ్యవసాయం, 28వ అంశం మార్కెట్లు, సంతలు. ఎంపీ గారి మాట ఇంతవరకు నిజమే.

ఆయన చెప్పనిది ఉమ్మడి జాబితాలోని 33వ అంశం. ఆహార పదార్థాలు, వంట నూనెగింజలు, పశువుల మేత, ముడి పత్తి, పత్తి గింజలు, జనపనార: వీటి ఉత్పత్తి, సరఫరా, పంపిణీ, వ్యాపారం అందులో ఉన్నాయి. రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు ఇలాంటి సరుకులపై పార్లమెంటుకు 369వ అధికరణ కింద ఐదేళ్ల అధికారం మాత్రమే ఇచ్చారు. 1954 నాటి మూడో రాజ్యాంగ సవరణతో ఆ అధికారాన్ని 33వ అంశంలో శాశ్వతం చేశారు. మరుసటి ఏడాదే నిత్యావసర సరుకుల చట్టం వచ్చింది.

2020లో మూడు సాగు చట్టాలు తెచ్చినప్పుడు కేంద్రం చూపిన ఆధారం కూడా ఈ 33వ అంశమే. జూన్ 5న ఆర్డినెన్సులు తెచ్చారు. సెప్టెంబరు 20న రాజ్యసభలో ఓటింగు జరపాలని ప్రతిపక్ష సభ్యులు పట్టుబట్టినా, మూజువాణి ఓటుతో రెండు బిల్లులు అయిపోయాయనిపించారు. మార్కెట్ యార్డు బయట జరిగే వ్యాపారంపై రాష్ట్రాలు ఫీజు వసూలు చేయరాదన్నారు. తగాదా వస్తే రైతు సివిల్ కోర్టుకు పోకుండా తలుపు మూశారు. సుప్రీంకోర్టు 2021 జనవరి 12న ఆ చట్టాల అమలును ఆపింది. పార్లమెంటుకు అలాంటి చట్టాలు చేసే అధికారం ఉందా లేదా అన్నది కోర్టు తేల్చకముందే, ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో చలికీ ఎండకూ కూర్చున్న రైతులు వాటిని వెనక్కి పంపారు. 2021 నవంబరు 29న ఉభయ సభలూ ఒక్కరోజులోనే, చర్చ లేకుండా, వాటిని రద్దు చేశాయి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. యార్డును బలహీనపరచడానికి పనికొచ్చిన 33వ అంశం, రైతుకు ధర ఇవ్వడానికి ఎందుకు పనికిరాదు?

పనికొస్తుంది. చెరకే సాక్ష్యం. నిత్యావసర సరుకుల చట్టం కింద 1966లో చెరకు నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం కేంద్రం ప్రకటించిన ధరకు తగ్గించి ఫ్యాక్టరీ కొనకూడదు. చెరకు అందిన 14 రోజుల్లో డబ్బు కట్టాలి. ఆలస్యమైతే ఏటా 15 శాతం వడ్డీ ఇవ్వాలి. బకాయిల కోసం చెరకు రైతులు రోడ్డెక్కుతున్న మాట నిజమే. అయితే ఆ రైతు చేతిలో హక్కు ఉంది, అడగడానికి కాగితం ఉంది. వరికి, పత్తికి, కందికి మద్దతు ధర ప్రకటన తప్ప అలాంటి హక్కు లేదు. క్వింటాలుకు ఐదారు వందలు తగ్గించి కొన్న వ్యాపారిని "చట్టం తప్పావు" అని నిలదీసే వీలు మనకు లేదు.

కాబట్టి "అధికారం లేదు" అని ఎంపీ చెబితే ఒప్పుకోవద్దు. లేనిది అధికారం కాదు, చేయాలన్న ఉద్దేశం. ఎంపీ సొంతంగా ప్రైవేటు బిల్లు పెట్టవచ్చు. కానీ ఆ దారిలో చట్టమైనవి ఇప్పటికి 14 మాత్రమే, చివరిది 1970లో. అందుకే ప్రభుత్వమే బిల్లు తేవాలని మనం అడగాలి. అంతవరకు మన ఎంపీ సభలో ప్రశ్న వేయాలి, ఆ జవాబు మన చేతికి ఇవ్వాలి.

రాష్ట్రాన్ని వదిలిపెట్టమని నేను చెప్పడం లేదు. యార్డులు, కొనుగోలు కేంద్రాలు, తూకంలో మోసాలు, తేమ పేరుతో కోతలు: వీటికి జవాబు చెప్పాల్సింది ఇక్కడి ప్రభుత్వమే. మార్కెట్ సమస్యకు ఎమ్మెల్యేను, ధర చట్టానికి ఎంపీని పట్టుకోండి. రాసే వినతిపత్రంలో "ఉమ్మడి జాబితా, 33వ అంశం" అన్న మాట తప్పక రాయండి. అప్పుడు "మా చేతుల్లో లేదు" అని మనల్ని తిప్పి పంపడం వారికి అంత తేలిక కాదు.