మనశ్శాంతి లేనిచో ఊరికి శాంతి యెక్కడిది?

(సెంటినరీ కాలనీలో గని కార్మిక కుటుంబముల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



శాంతి యనగా తుపాకుల చప్పుడు లేకుండుటయే యని పలువురి తలంపు. అది మొదటి మెట్టు మాత్రమే. మూసివేసిన గనిలో కంటికి గానరాని వేడి పెరిగి, బొగ్గు తనంతట తానే రాజుకొనుట మీరెరుగుదురు. భయము, దుఃఖము, అవమానము లోపల మూతవడిన ఊరును అట్టిదే.

ఈ సీమ చూచిన కల్లోలము స్వల్పము కాదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడెను. పిమ్మట పెక్కేండ్లు నక్సలైట్లకును పోలీసులకును నడుమ పల్లెలు నలిగిపోయెను. 1997లో ఎస్. ఆర్. శంకరన్ గారు మొదలగు పెద్దలు పౌరస్పందన వేదికగా గూడి, పల్లెలకేగి, ఇరుపక్షముల హింసవలన తమవారిని గోల్పోయినవారి మొర నాలకించిరి. వారికి అధికారము లేదు, ఆయుధము లేదు, వినెడి యోపిక కలదు. 2004 అక్టోబరులో హైదరాబాదున ప్రభుత్వమును నక్సలైట్లును ఎదురెదురుగా గూర్చుండి మాటలాడుటకు ఆ యోపికయు నొక కారణము. 2005 జనవరి నాటికి ఆ సంప్రదింపులు తెగిపోయెను. అయినను శాంతి వినుటతోనే మొదలగునను పాఠము మిగిలినది.

యుద్ధ కల్లోలములు పదేండ్లలోపల చూచిన ప్రాంతములందు ప్రతి యైదుగురిలో నొకరు మనోవ్యాధికి లోనై యుందురని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంచనా వేసినది. కాబట్టి ఇది నలుగురైదుగురి బలహీనత కాదు, ఊరి వ్యవహారము.

గనులలో భయమునకు వేరొక రూపు కలదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7వ ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది మృతి చెందిరి. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు మరణించిరి. చిక్కుకొన్న దేహమును వెలికిదీయుటకు రక్షక దళము కలదు. మరునాడు అదే గనిలోనికి దిగవలసిన తోటివాని మనస్సును, నైటు షిఫ్టు ముగియువరకు నిద్రరాని యిల్లాలి మనస్సును వెలికిదీయువారెవరు? నోట రాని దుఃఖము కొన్ని యిండ్లలో సారాగా మారును. సారా దెబ్బలుగా మారును. దెబ్బలు ఇరుగుపొరుగు పగలుగా మారును.

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసి యున్నది. ఓదార్పు న్యాయమునకు బదులు కాదు. పైకప్పునకు తగిన యాధారము నిలుపక, భయపడవద్దని కార్మికునికి బోధించుట మోసము. కాంట్రాక్టు కూలికి కూలి యెగవేసి, మనస్సు నిబ్బరపరచుకొమ్మనుట క్రూరత్వము. భద్రత, కూలి, గౌరవము అడుగుచునే మనస్సును గూడ కాపాడుకొందము.

మనోవ్యాధి చికిత్స పొందుట 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ప్రకారము ప్రజల హక్కు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ వారితో 14416 సంఖ్యకు ఫోను చేసి ఉచితముగా మాటలాడవచ్చును. అది వైద్యునికి చూపినవానిని పిచ్చివాడని నవ్వు మన యలవాటునకు మాత్రము చట్టమును ఫోనును మందు కావు. ఆ మందు మనయొద్దనే కలదు.

మా మనవి యింతియే. వారమున కొక సాయంకాలము పఠనాలయమునందు గూడుదము. సంఘముల జెండాలు గుమ్మము వెలుపలనే యుండనిండు. పర్మినెంటు, కాంట్రాక్టు భేదము వలదు. స్త్రీలకు ముందు వరుస నిత్తము. ఒకరు చెప్పగా తక్కినవారు విందురు గాక. విన్న మాట వీధికెక్కరాదు. ప్రమాదము జరిగిన యింటికి పదునొకండవ దినముతో రాకపోకలు మానక, సంవత్సరమంతయు తలుపు తట్టుదము.

శాంతి ఢిల్లీనుండియో హైదరాబాదునుండియో బండిమీద దిగుమతి యగు సరకు కాదు. పొరుగువాని దుఃఖమునకు మనము చెవియొగ్గిననాడు అది మన వాకిటనే పుట్టును.